కల్ అంటే ఏ రోజు

మొన్న ఆదివారం పొద్దున్న కొబ్బరి కోరుకుంటూ ఉంటే ఫోను టింగుమంది. మా స్కూలు గ్రూపు. పొద్దున్నే ఆ గ్రూపులో వచ్చేవి పూల బొమ్మలూ, దేవుడి బొమ్మలూ, ఎవరికీ పనికిరాని ఆరోగ్య సూత్రాలూను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆసుపత్రిలో సిస్టర్ అని పిలిపించుకున్న నాకే, వెల్లుల్లి నమిలితే గుండెజబ్బు రాదని మా బ్యాచివాళ్ళు పాఠం చెబుతుంటారు. అంచేత చూడకుండా వదిలేద్దామనుకున్నాను. కాని వచ్చింది మా క్లాసు లీడరు గొంతు. ఒకప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసి సారుకి అప్పజెప్పినవాడు, ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. పొట్ట పెరిగింది గాని పేర్లు రాసే బుద్ధి పోలేదు. "దేఖో, అందరూ సునో. వచ్చే సండే మన బ్యాచి ఫంక్షను. హాడోలో హాలు పక్కా అయిపోనాది. ఎవరొస్తన్నారో ఎవరు రావట్లేదో ఆజ్ శామ్ ఛే బజే లోపల చెప్పీయాలి. వంటోడికి ప్లేట్లు చెప్పాలి కదా. తరవాత వచ్చి నాకు ప్లేటు లేదేటని ఝగడా పెట్టుకుంటే నా జిమ్మేదారీ కాదు" అన్నాడు.

దాని కింద వచ్చేవాళ్ళ జాబితా పెట్టాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. పదేళ్ళు తెలుగు మీడియంలో చదివిన మేము ఫోనులో ఒక్క తెలుగు అక్షరం కొట్టలేం, అదో సిగ్గు. ఒక్కో పేరూ చూసుకుంటూ వస్తున్నాను. బట్టతల వచ్చినవాడు, మనవడు పుట్టినవాడు, పోయినసారి కుర్మా బాగాలేదని అలిగినది. ఆ తరవాత ఉన్న పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ప్రోతరాపూర్ నుంచి నాతో చదువుకోవడానికి వచ్చిన నా స్నేహితురాలి పేరు అది. ఎదురుగా ఆకుపచ్చ టిక్కు. వస్తోందన్నమాట.

ఇంతకు ముందు రెండుసార్లు ఈ ఫంక్షను జరిగింది. రెండుసార్లూ నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను, ఫోటోల్లో ముందు వరసలో నిలబడ్డాను, అందరికంటే గట్టిగా నవ్వాను. అది రాదని తెలుసు గనకే వెళ్ళాను. ఇప్పుడది వస్తోంది. ఈ వయసులో ఇంకొకరిని 'అది' అనడం మర్యాద కాదు, నిజమే. కాని ఎనిమిదేళ్ళు ఒకే బెంచీలో కూర్చున్న మనిషిని ఆవిడ అనడానికి నాకు నోరు తిరగదు. అలా అనే హక్కు నాకు ఇంకా ఉందా అన్నది వేరే సంగతి. మా ఆయన పేపరు మడిచి, "ఏమిటి, కొబ్బరితోబాటు వేలు కూడా కోరేస్తావా? పాత అభిమానులెవరైనా వస్తున్నారా?" అన్నాడు. "మీకు వేళాకోళంగా ఉంది" అని కసిరాను. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మాది అండమాన్‌లో హాడో. జెట్టీకి వెళ్ళే రోడ్డు మీద నాన్నకు కిరాణా కొట్టు ఉండేది, వెనకాల రెండు గదుల్లో మేమూ. ఈ ద్వీపాల్లో కిరాణా కొట్టంటే ఓడ కోసం ఎదురుచూడటమే. ఉల్లిపాయలు ఓడలో రావాలి, పప్పు ఓడలో రావాలి, ఆఖరికి అగరొత్తులు కూడా ఓడలోనే రావాలి. ఎవరు ఏదడిగినా నాన్న నోట ఒకటే మాట, "మాల్ కల్ ఆయేగా." సరుకు రేపొస్తుంది. బెంగాలీవాళ్ళూ, తమిళులూ, రాంచీవాళ్ళూ అందరూ మా కొట్టుకొచ్చేవారు గనక హిందీయే మాట్లాడేవాళ్ళం. ఆ కొట్లో పుట్టి పెరిగిన నాకు కల్ అంటే రేపే. ఇంకో అర్థం ఉందని తెలియక కాదు. హిందీలో నిన్నకీ రేపుకీ ఒకటే మాట అని మా హిందీ టీచరు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేవారు. కాని మా ఇంట్లో నిన్నతో పనేముంది? రాని సరుకుతోనే మాకు పని.

నా స్నేహితురాలివాళ్ళది ప్రోతరాపూర్. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి వచ్చిన చేపలవాళ్ళు. వాళ్ళ నాన్న పడవ మీద వెళ్ళేవాడు, వాళ్ళమ్మ తెల్లవారకుండానే జెట్టీకి వచ్చి, బుట్ట నింపుకుని, హాడో క్వార్టర్లన్నీ తిరిగి అమ్మేది. నేనామెను పెద్దమ్మా అనేదాన్ని. మా గుమ్మంలో బుట్ట దించి, మంచినీళ్ళు తాగి, "మా గుంటా నువ్వూ ఒక్కలాగే సదవండి తల్లీ, ఈ బుట్ట మీ నెత్తికి రాకూడదు" అనేది. ఒక్కలాగే చదవడం నావల్ల కాలేదు. అది చేపల వాసన కొట్టే సంచీలో పుస్తకాలు పెట్టుకుని బస్సులో వచ్చి, లెక్కల్లో నన్ను ప్రతిసారీ దాటిపోయేది. జవాబులు చూపించేది కూడా. చూపించి, "ఎక్కాలు రావు గానీ జడలో పువ్వులు మాత్రం రోజూ మారతాయి నీకు" అని గిల్లేది. నాకు దాని మీద ప్రాణం. దాని మార్కుల మీద మాత్రం మంట. రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉంటాయని అడక్కండి, ఉండేవి.

పన్నెండో క్లాసు అయ్యాక ఇద్దరం విశాఖపట్నంలో నర్సింగు ట్రైనింగుకి అర్జీ పెట్టాం. ఇద్దరికీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంతలో మా టీచరొకామె, "ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళలో ఒక్కరినే తీసుకుంటారట" అని చెవిలో వేసింది. అది నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. కాని ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు. ఒక్కరినే తీసుకుంటే ఎవరిని తీసుకుంటారో నాకు బాగా తెలుసు. దానికి మాత్రం ఆ బెంగే లేదు. టిక్కెట్టు చేతికొచ్చేదాకా ఊరికే ఉండటమెందుకని సిప్పీఘాట్ ఫారంలో మొక్కలకు మట్టి నింపే పనికి పోయేది. మా నాన్నే ముగ్గురికీ బంకు క్లాసు టిక్కెట్లు తీశారు. "ఇద్దరు పిల్లల్నీ నేనే తీసుకెళ్ళి, నేనే తీసుకొస్తా" అని పెద్దమ్మ చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పారు.

ఆ రోజుల్లో మెయిన్‌లాండుకి ఓడంటే ఎప్పుడు కదులుతుందో కెప్టెనుకే తెలిసేది కాదు. పదిహేనోతారీఖు అన్నారు, గాలివాన అన్నారు, ఆపేశారు. మళ్ళీ ఎప్పుడో చెబుతామన్నారు. ఫోనులు ఎవరింట్లోనూ లేవు. కబురేదైనా ఉంటే బస్సు కండక్టరుకి చెప్పడమే మా అలవాటు. ఫలానా స్టాపులో ఫలానా వాళ్ళకని చెబితే చాలు, దిగి ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చేవాళ్ళు, బస్సులో ఉన్నవాళ్ళంతా ఆగేవాళ్ళు, ఎవరూ కసురుకునేవారు కాదు. జెట్టీ మా గుమ్మంలో ఉంది గనక ఓడ సంగతి తెలియగానే నేను బస్సు కబురు పెట్టాలి, అది వచ్చెయ్యాలి. అదీ ఒప్పందం.

ఒక మధ్యాహ్నం జెట్టీ మీద పలక మీద రాశారు, మర్నాడు ప్రయాణమని. నేను పరుగెత్తుకుంటూ రోడ్డు మీదికి వచ్చేసరికి ప్రోతరాపూర్ బస్సు కదిలిపోతోంది. కండక్టరు రాంచీ మనిషి, రోజూ చూసేవాడే. బస్సు వెంబడి పరుగెత్తి, "భయ్యా, మచ్ఛీవాలీ పెద్దమ్మ ఇంట్లో చెప్పండి, జహాజ్ కల్!" అని అరిచాను, ఓడ రేపని. "హాఁ హాఁ, జహాజ్ కల్" అని ఆయన చెయ్యి ఊపాడు. వెళుతుందని గాని, వెళ్ళిందని గాని నేను అనలేదు. ఊపిరి చాల్లేదు. ఆ పూటకి నా పని అయిపోయిందనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అప్పుడు నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

మర్నాడు పది గంటలకు నేనూ నాన్నా ఓడెక్కాం. బంకుల్లో కిందిది నాకు, మధ్యది దానికి, పైది నాన్నకు. అమ్మ ముగ్గురికి సరిపడా పులిహోర కట్టింది. అది రాలేదు. పదకొండయింది, రాలేదు. సరుకు ఎక్కడం ఆలస్యమైంది, ఓడ మధ్యాహ్నం రెండింటికి గాని కదలదన్నారు. నిచ్చెన వేసే ఉంది. జనం దిగుతున్నారు, టీ తాగుతున్నారు, మళ్ళీ ఎక్కుతున్నారు. నేను రెయిలింగు పట్టుకుని జెట్టీ వైపే చూస్తున్నాను. మొదట్లో అది కనబడాలని చూశాను. తరవాత తరవాత, కనబడకూడదని చూశాను. ఏ నిమిషం దగ్గర ఒకటి రెండోదిగా మారిందో చెప్పలేను. నాన్న చెమటలు కక్కుకుంటూ పైకొచ్చి, "ఆ పిల్ల ఏదే? ఇంకా టైముంది. టాక్సీ కట్టించుకుని ప్రోతరాపూర్ ఎల్లి తీసుకొచ్చెయ్యనా?" అన్నారు. అప్పటికే కండువా భుజం మీద వేసుకున్నారు. నిచ్చెన వైపు తిరిగారు.

"రానంది నాన్నా" అన్నాను.

"రానందా? ఎప్పుడు?"

"నిన్న కబురొచ్చింది. వాళ్ళమ్మ పంపనందిట."

ఆయన నిచ్చెన దగ్గర్నుంచి వెనక్కి వచ్చారు. "ఎంత పని చేసింది ఆ పిల్ల. అంత సదువు సదివి" అన్నారు. కండువా తీసి మడుచుకున్నారు. రెండింటికి ఓడ కూత వేసింది. దాని వంతు పులిహోర కూడా నేనే తిన్నాను. బాగా ఆకలేసింది. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు కూడా నాకు అసహ్యంగా ఉంది, కాని ఆకలేసిన మాట నిజం. విశాఖపట్నంలో ఇంటర్వ్యూ గదిలో ఉన్న పెద్దావిడ కాగితాలు తిప్పి, "అండమాన్ నుంచి ఇంకో అమ్మాయి రావాలే?" అంది. "రాలేదండి" అన్నాను. సీటొచ్చింది.

ఏడాది తరవాత సెలవలకు వచ్చినప్పుడు అది జెట్టీ రోడ్డు మీద ఎదురుపడింది. నెత్తిన బుట్ట. నేను నవ్వబోయాను. అది నన్ను దాటుకుని, మా పక్కింటి గుమ్మంలో బుట్ట దించుకుంది. నాకేమీ అర్థం కాలేదు. కబురు అందీ రాలేదేమో, నిజంగానే వాళ్ళమ్మ పంపలేదేమో, నేనాడిన అబద్ధం అబద్ధం కాకుండా పోయిందేమో అని నాలో నేనే కథలల్లుకున్నాను. అలా ఆశపడటం ఎంత నీచమో తెలిసే ఆశపడ్డాను. ట్రైనింగయి, ఇక్కడి ఆసుపత్రిలోనే పోస్టింగు వచ్చింది. దానిదీ ఇదే ఊరు. ఇంత చిన్న ఊళ్ళో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఇన్నేళ్ళు బతకడం మాటలు కాదు, దానికీ కొంత సాధన కావాలి. చేపల బజారుకి నేను పోకుండా మా ఆయన్ని పంపేదాన్ని. నాన్న మాత్రం ప్రతి ఆదివారం వెళ్ళి దాని దగ్గరే కొనేవారు.

అసలు జరిగిందేమిటో పదేళ్ళ తరవాత తెలిసింది. పెద్దమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుని మా వార్డుకే వచ్చింది. కూతురు లేని సమయం చూసి జ్వరం చూడటానికి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, "మా గుంటకి నీ మీద కోపం గానీ నాకు లేదు తల్లీ. మమ్మల్ని ఒగ్గీసి ఎలిపోయినా, మర్నాడైనా కబురెట్టినావు. అది సాలు" అంది.

"మర్నాడేమిటి పెద్దమ్మా? ముందు రోజే కదా పంపాను?"

"ముందు రోజేటి? గాలివానకి పడవలెల్లక నాను జెట్టీకి రాని దినాలవి. ఆ కండక్టరొచ్చి జహాజ్ కల్ అన్నాడు. ఓడ నిన్ననే ఎలిపోనాదని. అది సిప్పీఘాట్ నుంచి సాయంత్రం వచ్చి నా నోటంట ఇన్నాది, బట్టల మూట అలాగే పక్కనెట్టి కూకుండిపోనాది. పదిరోజులు మాటాడలేదు."

జ్వరం ఎంతో చూడకుండానే థర్మామీటరు దులిపేశాను. చేపలమ్మే మనిషికి కల్ అంటే ఏమిటి? పొద్దున్న లేస్తే ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న, "కల్ కా హై క్యా?" నిన్నటి చేపలా? ఆవిడ మొప్పలు ఎత్తి చూపించి, "కల్ కా నహీ, ఆజ్ కా" అని, ఇవాళ్టివేనని ఒట్లు పెట్టుకునేది. ఒడ్డు నుంచి వచ్చాక ఆవిడ నేర్చుకున్న హిందీ అంతా బుట్ట దగ్గర నేర్చుకున్నదే. ఆ బుట్టలో రేపు అనేది లేదు. మా కొట్లో నిన్న లేనట్టే. మధ్యలో పాపం ఆ రాంచీ మనిషి నేను చెప్పిన రెండు మాటలూ అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

అప్పుడే చెప్పెయ్యచ్చు కదా? చెప్పలేదు. చెబితే కూతురి చదువు తన చేతులమీదుగా పోయిందని ఆ ముసలి ప్రాణానికి తెలుస్తుంది. ఆవిడ కోసమే నోరు మూసుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. త్యాగమనే అనుకున్నాను. తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజానికి నాకు దొరికింది ఒక సాకు. తప్పు ఆ మాటది, నాది కాదు, అనుకుని దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. కాని ఓడ మీద నాలుగు గంటలున్నాయి. నాన్న అడిగిన మాట ఉంది. నేను చెప్పిన మాట ఉంది. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చిన మనిషి అది. ఎప్పుడో ఒకప్పుడు నా ఎదురుగా నిలబడి 'మీ నాన్నకేం చెప్పావు?' అని అడుగుతుందని నాకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడే నేను చేపల బజారుకి వెళ్ళలేదు. పెద్దమ్మ పోయిన ఏడాది పోతే, చూడటానికి కూడా వెళ్ళలేదు. సిస్టర్‌ని, ఎంతమంది చావులో చూసినదాన్ని, ఆ చావుకి వెళ్ళలేకపోయాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడయింది, లీడరు పెట్టిన గడువు ఆరుకి. గ్రూపులో టిక్కులు పెరిగిపోతున్నాయి. లీడరు నాకు విడిగా కూడా పెట్టాడు, "సిస్టర్‌గారూ, మీరొక్కరే బాకీ, హాఁ యా నా?" రానని చెప్పడానికి డ్యూటీ ఉందంటే చాలు, మా వృత్తిలో అదొక సుఖం. రెండుసార్లు ఆ మాట చెప్పబోయి చెరిపేశాను. వెళితే అది అందరి ముందూ అడుగుతుంది. హాలంతా నవ్వుతూ, ఫోటోలు తీసుకుంటూ ఉంటారు, నేను కూడా నవ్వుతూనే ఇంకో అబద్ధం ఆడేస్తాను. అది నాకు పట్టుబడ్డ విద్య. వెళ్ళకపోతే, ఎందుకు రాలేదో దానికి మాత్రం తెలుస్తుంది. ఉన్నట్టుండి లేచి చెప్పులు వేసుకున్నాను. మా ఆయన, "ఎక్కడికి? మరి కూర?" అన్నాడు. "కొబ్బరి కోరి పెట్టాను, మిగతాది మీరు చూసుకోండి" అని బస్సెక్కేశాను.

దాని ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. ప్రోతరాపూర్‌లో డాబా, ముందు చేపల బండి, ఐసు పెట్టెలు. ఇద్దరు ముగ్గురికి పనిచ్చే స్థితిలో ఉంది ఇప్పుడు. నేను జాలి పడటానికి అక్కడ ఏమీ లేదు. అది గొట్టంతో పెట్టెలు కడుగుతోంది. తల ఎత్తి నన్ను చూసింది. "వచ్చీసినావా" అంది, అంతే. గుమ్మంలోంచి పెద్దమ్మ ఫోటో కనబడుతోంది, పూలదండతో. కూర్చోమనలేదు. నేను నిలబడే మొదలుపెట్టాను.

"నీకో సంగతి చెప్పాలే. ఆ రోజు కండక్టరు చెప్పిన కల్..."

"రేపని. తెలుసు నాకు."

అది పెట్టె బోర్లించి, ఇంకోటి తీసుకుంది. "అమ్మకి జొరమొచ్చి నాను బుట్టెత్తిన మొదటి దినమే తెలిసింది. ఎవరో కల్ కా హై క్యా అన్నాడు. రోడ్డు మీదే కూలబడిపోనాను. అమ్మకి సెప్పలేదు. సెప్తే బతికీదేటి?"

అంటే నేను త్యాగమనుకున్నది అది నాకంటే ముందు నుంచీ చేస్తోంది, బుట్ట మోస్తూ. "తెలిస్తే మరి నాతో ఎందుకు మాట్లాడలేదే ఇన్నేళ్ళు?" అని అడిగాను. అడిగాక గాని ఎంత బుద్ధితక్కువ ప్రశ్నో నాకు తెలియలేదు.

అది గొట్టం కట్టేసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇద్దరు పిల్లల్నీ నానే తీసుకెల్తానని మీ నాన్న మా అమ్మ సేతిలో సెయ్యేసినాడు. ఆయన మాటంటే మాట. ఓడ రెండింటిదాకా కదలలేదని ఊరందరికీ తెలుసు. నాను కనబడకపోతే ఆయన దిగి రావాల. రాలేదు. ఆయనకేటి సెప్పినావు?"

నలభై రెండేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. తప్పించుకోవడానికి నాలుగైదు దారులు ఆ క్షణంలో కూడా తోచాయి, అబద్ధమాడటం అలవాటైన బుర్ర కదా. అయినా చెప్పాను. "నువ్వు రానన్నావని చెప్పాను. మీ అమ్మ పంపనందని చెప్పాను. నువ్వొస్తే నాకు సీటు రాదని. నువ్వు కనబడకపోతే నాకు హాయిగా అనిపించిందే." ఏడుపొచ్చింది గాని, ఏడవడానికి అక్కడ నాకేం హక్కుందని ఆపుకున్నాను.

అది అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మెట్టు మీద మెల్లగా కూర్చుంది. "అందుకా" అంది. "మీ నాన్న ఆదివారం ఆదివారం నా దగ్గరకొచ్చి సేపలు కొనీవోరు. కొన్నప్పుడల్లా ఒకటే మాట. 'నువ్వు రావలసిందమ్మా' అనీవోరు. ప్రతిసారీ. నన్నొగ్గీసి ఎలిపోయి, మళ్ళీ నాతో ఎకసెక్కాలాడతన్నాడనుకున్నాను. ఆయన బుట్టలో కావాలని మెత్తబడిపోనివి ఏసీదాన్ని. ఏటీ అనకండా తీసుకునీవోరు. ఆయన పోయినప్పుడు పీడా పోయిందనుకున్నానే."

నాన్న పోయి పన్నెండేళ్ళు. ఆదివారం ఆదివారం ఆ చేపలు మా అమ్మ వండేది, మెత్తగా ఉన్నాయని సణిగేది, ఆయన "ఆ పిల్ల దగ్గరే కొనాలి" అని ఊరుకునేవారు. అవి ఎందుకు మెత్తగా ఉండేవో నాకు ఇప్పుడు తెలిసింది. నేను దాని చదువు ఒక్కటే పోగొట్టాననుకున్నాను.

"ఇప్పుడేటి సెయ్యమంటావు నన్ను?" అంది. మొదటిసారి గొంతు పెరిగింది. "కాళ్ళట్టుకుందారన్నా ఆ మనిషి లేడు కదే!"

లోపల ఎవరో టీవీ పెట్టారు, హిందీలో ఏదో నవ్వులాట. అది ముక్కు చీది, లేచి, మళ్ళీ గొట్టం తిప్పింది. "ఎల్లు. సీకటడిపోతంది, బస్సుండదు" అంది. నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచింది. "ఒలే, ఫంక్షనుకి రా. నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అందరూ నన్నడుగుతారు, నాను సెప్పాలి. వస్తే ఏటీ సెప్పక్కర్లేదు. నా పక్కన మాత్రం కూకోకు."

బస్సు స్టాపులో నిలబడేసరికి ఆరుకి పది నిమిషాలుంది. మా దగ్గర ఆ వేళకే బాగా చీకటి. ఫోను తీసి, "నేను వస్తున్నాను" అని చెప్పి పంపాను. వెంటనే లీడరు, "అచ్ఛా, ఆఖరి ప్లేటు కూడా పక్కా అయిపోనాది" అన్నాడు, ఆ వెనకే చప్పట్ల బొమ్మలు వరసగా. అందులో దాని బొమ్మ లేదు. దాని పక్కన కూర్చోను, వెళతాను, ఏ వరసలో కూర్చోమంటే ఆ వరసలో కూర్చుంటాను. వచ్చే మార్చికి నేను రిటైరవుతాను, జుట్టుకి రంగు వేసుకుంటాను, మోకాళ్ళకు మాత్ర వేసుకుంటాను. మా వాళ్ళంతా ఆ పదిహేడేళ్ళ వయసు ఒక్కపూటైనా వెనక్కి రావాలని హాలు మాట్లాడుకున్నారు, వంటవాణ్ణి పెట్టుకున్నారు. నాకది ఏనాడూ పోనే లేదు.